బండి ఓవర్‌ఫ్లో అయిందా, నీళ్ళు తాగిందా?

మన బులెటిన్‌లో నేను మామూలుగా స్కాలర్‌షిప్ దరఖాస్తు ఎలా నింపాలి, విద్యారుణానికి బ్యాంకులో ఏయే కాగితాలు అడుగుతారు అనే విషయాలు రాస్తుంటాను. ఈసారి కారు ఇంజన్ గురించి రాస్తున్నాను. బి.కాం. చదివి బ్యాంకు కౌంటరులో ఉద్యోగమంతా గడిపినవాడికి ఇంజన్ సంగతి ఏం తెలుసని మీరు అడగవచ్చు. మెకానిక్‌కు తెలిసినంత తెలియదు. కానీ తెలిసీ తెలియక నేను ఇచ్చిన ఒక సలహా వల్ల మా మేనల్లుడి బండి ఇంజన్ పాడైంది. ఆ తర్వాత నలుగురినీ అడిగి, పుస్తకం తిరగేసి నేర్చుకున్న పాఠం ఇది. ప్లస్ వన్ ఫిజిక్స్ చదివే పిల్లలకు ఇందులో చిన్న లెక్క ఉంది. ఇంట్లో బండి ఉన్న పెద్దలకు డబ్బు సంగతి ఉంది.

ముందు మంచి కథ చెబుతాను. 2003లో మా ఇంట్లో ఒక సెకండ్ హ్యాండ్ మారుతీ 800 ఉండేది. కార్బురేటర్ బండి. మార్చి నెలలో మా అబ్బాయికి ప్లస్ టూ పరీక్షలు. సెంటరు తిరుత్తణిలో పడింది. పొద్దున్నే బస్సులో అయితే ఆలస్యమవుతుందని కారు తీశాను. తొందరలో చోక్ పూర్తిగా లాగి, యాక్సిలరేటర్‌ను నాలుగైదు సార్లు తొక్కి సెల్ఫ్ కొట్టాను. ఇంజన్ గిరగిరా తిరిగింది గానీ అందుకోలేదు. మళ్ళీ తొక్కాను, మళ్ళీ కొట్టాను. పెట్రోలు వాసన గుప్పుమంది. అబ్బాయి హాల్ టికెట్ చేతిలో పట్టుకుని నా ముఖం, గడియారం మార్చి మార్చి చూస్తున్నాడు.

వీధి చివర షెడ్డు పెట్టుకున్న పెద్దాయన ఒకరు అప్పుడే వచ్చారు. వాసన చూసి, "బ్యాంకు సార్, చలి లేదు, మంచు లేదు, ఈ మార్చి నెలలో చోక్ ఎందుకు లాగినారు? ఓవర్‌ఫ్లో అయిపోయింది. చోక్ లోపలికి తోయండి. యాక్సిలరేటర్ ఒకేసారి నిదానంగా కిందిదాకా తొక్కి అట్లే పట్టుకోండి. మళ్ళీ మళ్ళీ తొక్కవద్దు. ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి" అన్నారు. అలాగే చేశాను. ఏడెనిమిది సెకండ్లు తిరిగి, దగ్గి, నల్లపొగ వదిలి ఇంజన్ అందుకుంది. పరీక్షకు వేళకే చేరాం. ఆ రోజు నుండి, ఏ బండి స్టార్టు కాకపోయినా ఆ మందే చెప్పడం నాకు అలవాటయింది. అదే తప్పు.

పెట్రోలు ఎక్కువైతే ఎందుకు మండదు?

పెట్రోలు మండే వస్తువే కదా, ఎక్కువైతే ఇంకా బాగా మండాలి కదా అని పిల్లలు అడుగుతారు. ఇంజన్‌లో మండేది ద్రవ పెట్రోలు కాదు, గాలితో కలిసిన పెట్రోలు ఆవిరి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. పాళ్ళు కొంత అటూ ఇటూ అయినా మండుతుంది. పెట్రోలు మరీ ఎక్కువైతే దానికి తగిన ఆక్సిజన్ లేక నిప్పు అంటుకోదు.

ఇంకో ఇబ్బంది స్పార్క్ ప్లగ్గు దగ్గర వస్తుంది. ప్లగ్గు కొసన మిల్లీమీటరో, అంతకన్నా తక్కువో సందు ఉంటుంది. కరెంటు ఆ సందును దూకినప్పుడే నిప్పురవ్వ పుడుతుంది. ప్లగ్గు పెట్రోలుతో తడిసి, మసి పట్టి ఉంటే కరెంటు ఆ తడి మసి మీదుగా సులువైన దారి చూసుకుని బాడీలోకి పోతుంది. సందు దూకే పని దానికి ఉండదు. మనం సెల్ఫ్ కొట్టేకొద్దీ ఇంకా పెట్రోలు వచ్చి ప్లగ్గు ఇంకా తడుస్తుంది.

చలిలో పెట్రోలు సరిగా ఆవిరి కాదు కాబట్టి గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచడానికి చోక్ పెట్టారు. మన ఊరి ఎండలో దాని అవసరం తక్కువ. కార్బురేటర్‌లో ఒక చిన్న పంపు కూడా ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ అది ఒక చిమ్ము పెట్రోలు కొడుతుంది. నేను చోక్ లాగి, అన్నిసార్లు తొక్కి చేసిన ఘనకార్యం ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. పెద్దాయన చెప్పిన వైద్యం దానికి సరిగ్గా ఎదురు. చోక్ తీసేసి, గాలి తలుపు పూర్తిగా తెరిచి పట్టుకుంటే గాలి ధారాళంగా వెళ్ళి, లోపలి తడిని ఆవిరి చేసి బయటికి తోసేస్తుంది.

మారుతీ 800 తయారీ 2014లో ఆగిపోయింది. అంబాసిడర్ కూడా అదే ఏడు ఆగింది. ఇప్పటి కార్లలో కార్బురేటర్ లేదు. కంప్యూటరు లెక్క చూసి ఇంజెక్టరు ద్వారా పెట్రోలు చల్లుతుంది. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.6 నియమం వచ్చాక మోటారు సైకిళ్ళు కూడా దాదాపు అన్నీ ఆ దారికే వచ్చాయి. వీటిలో ఓవర్‌ఫ్లో అరుదు గానీ అసలు లేకపోలేదు. బండిని స్టార్టు చేసి, షెడ్డులో నుండి నాలుగు అడుగులు బయటికి తీసి, ఇంజన్ వేడెక్కకముందే ఆపేసే వాళ్ళను చూడండి. మర్నాడు ఒక్కోసారి మొరాయిస్తుంది. ఇంజన్ వేడి కొలిచే సెన్సారు చెడినా, ఇంజెక్టరు కారుతున్నా అంతే. చాలా కార్లలో ఈ వైద్యాన్ని కంప్యూటరుకే నేర్పి పెట్టారు. యాక్సిలరేటర్ కిందిదాకా తొక్కి ఉంచి సెల్ఫ్ కొడితే అది పెట్రోలు చల్లడం ఆపి, ఉత్త గాలినే పంపుతుంది. మీ బండికి ఆ ఏర్పాటు ఉందా లేదా అన్నది బండితో ఇచ్చిన పుస్తకంలో చూసుకోండి. ఆ పుస్తకం చాలా ఇళ్ళలో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంటుంది!

సెల్ఫ్‌ను ఒక్కసారికి పది సెకండ్లు మించి కొట్టకూడదు. మధ్యలో కనీసం అర నిమిషం ఆగాలి. లేకపోతే బ్యాటరీ దిగుతుంది, సెల్ఫ్ మోటారు కాలుతుంది. రెండు మూడు సార్లకు రాకపోతే బానెట్ ఎత్తి పావుగంట వదిలేయండి. అప్పటికీ రాకపోతే ప్లగ్గులు విప్పి తుడిచి ఆరబెట్టాలి. పెట్రోలు వాసన ఉన్నచోట బీడీ, అగ్గిపెట్టె, లైటరు దగ్గరికి రాకూడదు. ప్లగ్గులు విప్పి ఉండగా ఇంజన్ తిప్పాల్సి వస్తే ముందు కాయిల్ వైర్లు విడదీయాలి, ప్లగ్గు రంధ్రాల మీద ఎవరూ వంగి చూడకూడదు. ఇది మెకానిక్ చేతిలో పెట్టడమే మేలు. కార్బురేటర్ బండి మాటిమాటికీ ఓవర్‌ఫ్లో అవుతుంటే లోపలి ఫ్లోట్ దగ్గర సూది వాల్వులో నలుసు చేరిందేమో చూడమనండి. మేడ మీది నీళ్ళ ట్యాంకులో బంతి సరిగా లేవకపోతే నీళ్ళు పొర్లినట్టే ఇదీ.

2015 డిసెంబరు

ఇప్పుడు చెడ్డ కథ. 2015 డిసెంబరు 1న చెన్నైలోను, చుట్టుపక్కల జిల్లాల్లోను కురిసిన వాన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్లు పడింది. చెంబరంబాక్కం చెరువు నుండి వదిలిన నీళ్ళతో అడయారు పొంగింది. మా మేనల్లుడు అప్పుడు తాంబరం పక్కన ముడిచూరులో అద్దె ఇంట్లో ఉండేవాడు. లోను మీద మారుతీ ఓమ్ని కొని, బడి పిల్లల్ని తీసుకెళ్ళి తీసుకొచ్చేవాడు. ఇంటి ఖర్చు, లోను కంతు అంతా దాని మీదే. బండిలో సీటు దాకా నీళ్ళు నిలిచాయి. నీళ్ళు తీసిన మర్నాడు ఫోను కలిసింది.

"మామా, మేము బాగానే ఉన్నాం. బండే స్టార్టు కావడం లేదు. సెల్ఫ్ కొడితే టక్కుమని ఆగిపోతోంది."

నేను ఏమాత్రం ఆలోచించలేదు. "ఏం లేదురా అల్లుడూ, యాక్సిలరేటర్ కిందిదాకా తొక్కి కొట్టు. అప్పటికీ రాకపోతే నలుగురు పిల్లల్ని పిలిచి, సెకండ్ గేరులో పెట్టి తోయించు" అన్నాను. వాడు పాపం పెద్దవాడి మాట విన్నాడు. సెల్ఫ్ తిరగలేదు. తోస్తూ క్లచ్ వదిలేసరికి ఇంజన్‌లో పెద్ద చప్పుడైంది. షెడ్డులో ఇంజన్ విప్పి చూస్తే ఒక కనెక్టింగ్ రాడ్ వంగి ఉంది, పిస్టన్ పగిలి ఉంది.

ఎందుకలా అయిందో లెక్క చూద్దాం. విద్యార్థులు కాగితం తీసుకోండి. పెట్రోలు ఇంజన్ నాలుగు అడుగుల్లో పనిచేస్తుంది. పిస్టన్ కిందికి దిగుతూ గాలి, పెట్రోలు పీల్చుకుంటుంది. పైకి వస్తూ దాన్ని నొక్కుతుంది. నిప్పురవ్వ పడి మండి కిందికి తోస్తుంది. మళ్ళీ పైకి వస్తూ పొగను బయటికి పంపుతుంది. రెండో అడుగులో వాల్వులన్నీ మూసి ఉంటాయి, లోపలిది బయటికి పోయే దారి లేదు.

ఓమ్ని ఇంజన్ 796 సి.సి., 3 సిలిండర్లు. అంటే ఒక్కో సిలిండరులో పిస్టన్ కదిలే జాగా సుమారు 265 సి.సి. నొక్కే నిష్పత్తిని 9 అనుకుందాం. అంటే పిస్టన్ అడుగున ఉన్నప్పటి మొత్తం జాగా 9 పాళ్ళయితే, పైకి వచ్చాక మిగిలేది 1 పాలు. కదిలే జాగా మిగతా 8 పాళ్ళు. 265ను 8తో భాగిస్తే సుమారు 33. పిస్టన్ పైకి వచ్చినప్పుడు పైన మిగిలే చోటు 33 మిల్లీలీటర్లే. దగ్గు మందు సీసా మూతతో మూడు మూతలు.

గాలిని 9 పాళ్ళ నుండి 1 పాలుకు నొక్కవచ్చు. నీటిని నొక్కలేం. బ్రేకు ఆయిలు, జె.సి.బి. చేయి పనిచేసేది ద్రవానికి ఉన్న ఈ గుణం వల్లనే. సిలిండరులోకి 33 మిల్లీలీటర్ల కన్నా ఎక్కువ నీరు చేరిందంటే పిస్టన్ మధ్యలో ఆగిపోవాల్సిందే. సెల్ఫ్ మోటారు బలం చాలక టక్కుమని ఆగడం అందుకే. అది ఒక విధంగా బండి మనకిచ్చిన హెచ్చరిక. నేను దాన్ని లెక్కచేయకుండా బండి బరువంతా ఉపయోగించి పిస్టన్‌ను నీటి మీదికి తోయించాను. అటు నీరు తగ్గదు, ఇటు చక్రాలు ఆగవు. మధ్యలో ఉన్న రాడ్ వంగింది.

డీజిల్ బండిలో నిష్పత్తి ఇంకా ఎక్కువ. 1248 సి.సి., 4 సిలిండర్ల డీజిల్ ఇంజన్‌కు నిష్పత్తి 17 అనుకుంటే ఒక్కో సిలిండరు పైన మిగిలేది 20 మిల్లీలీటర్ల లోపే. కాబట్టి డీజిల్ బండి గట్టిది, నీళ్ళలో పోతుంది అనే ధీమా వద్దు.

ఏ వరద అని తెలుసుకోవడం ఎలా?

ఇంగ్లీషు పుస్తకాల్లో పెట్రోలు పొర్లినా, వరద నీరు చేరినా ఇంజన్ ‘ఫ్లడ్’ అయిందనే రాస్తారు. మాట ఒకటే గానీ వైద్యాలు ఒకదానికొకటి ఎదురు. మొదటిదానికి గాలి తలుపు తెరిచి ఇంజన్ తిప్పాలి. రెండోదానికి తాళం చెవి కూడా తిప్పకూడదు.

మా రోజుల్లో బ్యాంకులో రోజు ముగిసే వేళకు లెక్క కుదరకపోతే వెంటనే లెడ్జర్లన్నీ తిరగేసేవాళ్ళం కాదు. ముందు తేడా ఎంతో చూసేవాళ్ళం. తేడా 9తో నిశ్శేషంగా పోతే ఎక్కడో 63ను 36 అని రాసి ఉంటారని మొదటి అనుమానం. తేడాను సగం చేస్తే వచ్చే మొత్తం ఆ రోజు చిట్టాలో కనబడితే, జమను ఖర్చు వైపు రాశారేమో అని చూసేవాళ్ళం. బండి విషయంలో కూడా మొదట చూడవలసింది అది ఏ రకంగా మొరాయిస్తోందన్నదే.

సెల్ఫ్ మామూలు వేగంతో గిరగిరా తిరిగి, పెట్రోలు వాసన వస్తూ అందుకోకపోతే ఓవర్‌ఫ్లో. వాసన అసలు రాకపోతే పెట్రోలు అందడం లేదు, ట్యాంకు, పంపు చూడాలి. వానలో తడిసి, సెల్ఫ్ బాగా తిరిగినా అందుకోకపోతే వైర్లు, కనెక్షన్లు తడిశాయేమో చూడాలి. నీరసంగా ‘ఊ... ఊ...’ అని మూలిగితే బ్యాటరీ. ఎప్పుడూ లేనంత తేలిగ్గా తిరిగిపోతుంటే టైమింగ్ బెల్టు తెగి ఉండవచ్చు, ఇక కొట్టవద్దు. టక్కుమని ఒక్క చప్పుడు చేసి ఆగితే, లైట్లు కూడా మసకగా ఉంటే బ్యాటరీ అనుకోవచ్చు. లైట్లు బాగా వెలుగుతూ టక్కుమంటే, అదీ వాన తర్వాత అయితే, చేయి తీసేయండి.

అసలు నీళ్ళలో నిలిచిన బండికి ఈ పరీక్ష కూడా పెట్టకూడదు. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాలి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె విప్పి చూడాలి. లోపలి కాగితం తడిగా ఉంటే నీరు ఇంజన్ దాకా వెళ్ళి ఉంటుందనే అనుకోవాలి. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో ఉన్నా, గుర్తు దాటి పైకి ఉన్నా నీరు కలిసినట్టే. బండిని తాడు కట్టి లాగేటప్పుడు గేరు న్యూట్రల్‌లో ఉండాలి. ఆటోమేటిక్ గేరు బండిని తాడుతో లాగకుండా లారీ మీద ఎక్కించాలి. షెడ్డులో ప్లగ్గులన్నీ విప్పి, ఇంజన్‌ను స్పానరుతో చేత్తో తిప్పుతారు. నీరు ప్లగ్గు రంధ్రాల నుండి బయటికి వచ్చేస్తుంది. ఆయిలు, ఫిల్టర్లు మార్చి, అన్నీ ఆరిన తర్వాతే సెల్ఫ్. నీళ్ళు తీయగానే ఇలా చేసి ఉంటే మా వాడి ఇంజన్ ఆయిలు ఖర్చుతో, కొద్దిపాటి కూలితో బయటపడేదని తర్వాత ఆ షెడ్డు మెకానిక్ చెప్పాడు. నా ముఖం మీదే చెప్పాడు.

మన వైపు ఇంకో ప్రమాదం నీరు పారే చప్టాల మీద. ఆంధ్రలో కృష్ణాపురం డ్యాం గేట్లు ఎత్తితే పళ్ళిపట్టు వైపు కుశస్థలి నది చప్టాల మీదికి వస్తుంది. దాటకుండా ఆగడమే సరైన పని, ఎందుకంటే అక్కడ బండికన్నా ముందు మనిషి పోతాడు. రోడ్డు మీద మోకాటి లోతు నీళ్ళలో పోతుండగా ఇంజన్ హఠాత్తుగా ఆగిపోతే, మళ్ళీ స్టార్టు చేయబోకుండా దిగి తోసుకుని ఒడ్డుకు చేర్చండి. ఆగిపోయిన ఇంజన్ నీరు పీల్చి ఆగి ఉండవచ్చు.

ఇన్సూరెన్సు మాట

మేనల్లుడి బండికి ఓన్ డ్యామేజ్ పాలసీ ఉంది. సీట్లు, వైరింగుకు క్లెయిము వచ్చింది. ఇంజన్‌కు రాలేదు. సర్వేయరు రాసింది ఏమిటంటే, రాడ్ వంగింది వరద వల్ల కాదు, వరద తర్వాత స్టార్టు చేయబోవడం వల్ల. అలా తర్వాత చేసిన పని వల్ల కలిగిన నష్టాన్ని మామూలు పాలసీ భరించదు. మేము వాదించాం గానీ నియమం పాలసీలోనే అచ్చయి ఉంది, మేము చదవలేదు. నలభై ఏడు వేలు బిల్లు. రెండు నెలలు బండి షెడ్డులో ఉన్నా లోను కంతు మాత్రం ఆగలేదు. ఆ ఏడు వాడి కూతురికి బడి ఫీజు నేనే కట్టాను. అది సాయం కాదు, నా బాకీ.

కాబట్టి పెద్దలు మూడు సంగతులు గమనించండి. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే వరద నష్టానికి పైసా రాదు. ఓన్ డ్యామేజ్ ఉంటే వరద నష్టం వస్తుంది గానీ ఇంజన్‌లో నీరు చేరి రాడ్లు వంగితే చిక్కు. దానికి ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు విడిగా ప్రీమియం కట్టి తీసుకోవాలి. బండి పాతదైతే కంపెనీలు అది ఇవ్వడానికి వెనకాడతాయి, కొత్తలోనే అడగండి. నీరు నిలిచిన బండిని కదపకముందే, నీటి గుర్తు ఎంతవరకు ఉందో తెలిసేలా సెల్‌ఫోనులో ఫోటోలు తీసి, కంపెనీకి ఫోను చేసి, ఫిర్యాదు నంబరు రాసుకోండి.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచినప్పుడు అదే మేనల్లుడు ఫోను చేశాడు. "మామా, బండి మునిగింది. తాళం చెవి తీసి దేవుడి గూట్లో పెట్టినాను, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు" అన్నాడు. ఆ మరుసటి ఏడు సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, అక్కడున్న మా బంధువులకు ఈ మాట వాడే ఫోను చేసి చెప్పాడట.

విద్యార్థులకు అభ్యాసం:

1. 97.2 సి.సి., ఒకే సిలిండరు ఉన్న మోటారు సైకిల్ ఇంజన్ నిష్పత్తి 9 అనుకుంటే, పిస్టన్ పైకి వచ్చినప్పుడు పైన మిగిలే చోటు ఎన్ని మిల్లీలీటర్లు? అది ఎన్ని టీ చెంచాలు? (ఒక టీ చెంచా 5 మిల్లీలీటర్లు.)

2. అదే మోటారు సైకిల్ నిష్పత్తి 10 అయితే ఆ చోటు పెరుగుతుందా, తగ్గుతుందా? ఎంత?

3. మీ ఇంట్లో బండి ఉంటే దాని పాలసీ కాగితం తీసి, అది థర్డ్ పార్టీయా, ఓన్ డ్యామేజ్ కూడా ఉందా, ఇంజన్ ప్రొటెక్ట్ ఉందా చూసి నాన్నగారికి, అమ్మగారికి చదివి వినిపించండి.

మొదటి రెండింటి జవాబులు లెక్కతో సహా రాసి ట్రస్టు ఆఫీసులో ఇవ్వండి. నేను దిద్ది తిరిగి ఇస్తాను.